పిలిస్తే పలికే గుర్తులు!

ఫోన్ తెర మీద సమీకరణం రావడం అరక్షణం ఆలస్యమైతే విసుక్కుంటాం. ఆ అరక్షణంలో ఎక్కడెక్కడి నుంచో సామాను కదిలి వస్తుంది. పంపేది ఎవరు? రాకపోతే ఏమవుతుంది? వేరేవాళ్ల చేతుల్లోంచి వస్తే..?

రాత్రి పదిన్నర. ఇంటర్ రెండో ఏడాది చదివే అమ్మాయి సెల్‌ఫోన్‌లో రసాయనశాస్త్రం పాఠం తెరిచింది. సిగ్నల్ అంతంత మాత్రం. పాఠంలోని మాటలు వచ్చాయి కానీ వాటి మధ్య సమీకరణాలు ఉండాల్సిన చోట డాలర్ గుర్తులు, వెనక్కి వాలిన గీతలు, ఫ్లవర్ బ్రాకెట్లు... అన్నీ గజిబిజిగా! పక్కనుంచి తొంగిచూసిన తమ్ముడు ‘‘అక్కా, నీ ఫోన్‌కి వైరస్ పట్టింది’’ అని తేల్చేశాడు. ఆ అమ్మాయి కంగారు పడలేదు. ఇలాంటివి చాలా చూసింది. రెండు మూడు లెక్కపెట్టేలోగా గజిబిజి మాయమైంది. దాని స్థానంలో, అచ్చు పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే, చిన్న అంకెలు కిందికి దిగి, బాణం గుర్తులు చక్కగా సాగి, సమీకరణం నిలబడింది.

వాళ్లిద్దరూ చూసింది వైరస్ కాదు. గణితాన్ని కంప్యూటర్‌కి చెప్పే భాష. ఆ భాషను చదివి, సమీకరణంగా మార్చి చూపే ప్రోగ్రాం ఆ పేజీతోపాటే వస్తుంది. చిత్రం ఏమిటంటే, ఆ ప్రోగ్రాం మొత్తం ఒకేసారి రాదు. ముందు కొంత వస్తుంది. పాఠంలో తనకు తెలియని గుర్తు తగిలితే... ‘ఒక్క నిమిషం’ అని, దానికి కావాల్సిన ముక్కను అప్పటికప్పుడు తెప్పించుకుంటుంది! చదువుకునే పిల్లలున్న ఇళ్లలో రోజూ జరిగే ఈ చిన్న తతంగం వెనక యాభై ఏళ్ల కష్టం ఉంది.

మూల అరలో అరుదైన అక్షరం

సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి కూర్చిన అచ్చాఫీసులు తెలిసినవారికి ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. కంపోజిటర్ ముందు ఉండే చెక్క కేసులో తరచూ వాడే అక్షరాలు చేతికందే అరల్లో ఉండేవి. అరుదుగా వచ్చేవి మూలలకు పోయేవి. మామూలు కథో, కరపత్రమో అయితే చేయి దానంతటదే నడిచేది. లెక్కల పుస్తకం వస్తే మాత్రం తలనొప్పే. ఘాతం పైకి ఎక్కాలి, హారం గీత కిందికి దిగాలి, వర్గమూలం కప్పు కింద మూడు పదాలు ఇమడాలి. అందుకే గణిత పుస్తకం అచ్చు వేయడం ఏ దేశంలోనైనా ఖర్చుతో కూడిన పనే.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ క్నూత్ అనే ప్రొఫెసరుకు 1977లో ఈ తలనొప్పే ఎదురైంది. తాను రాసిన పుస్తకం రెండో సంపుటానికి కొత్త ముద్రణ ప్రూఫులు చూసుకుని ఆయన నీరుగారిపోయాడు. పాత సీసపు పద్ధతి పోయి ఫొటో కంపోజింగ్ వచ్చిన రోజులవి. అక్షరాలు అందవికారంగా ఉన్నాయి. ‘ఇది కాదు, నేనే ఒక ప్రోగ్రాం రాసుకుంటాను’ అనుకున్నాడు. కొన్ని నెలల పని అనుకున్నది పదేళ్లకు పైగా సాగింది. అలా పుట్టిందే ‘టెక్’. తొలి రూపం 1978లో వచ్చింది. దానికి తుది మెరుగులు దిద్ది ‘ఇక మార్చను’ అనే సరికి 1989. ఆ తర్వాత తప్పులు దిద్దినప్పుడల్లా కూర్పు సంఖ్యకు ‘పై’ విలువలోని ఒక్కో అంకె చేరుతూ వస్తోంది. 2021 నాటికి అది 3.141592653కి చేరింది.

టెక్‌లో గణితాన్ని మామూలు కీబోర్డు మీదే కొట్టొచ్చు. వెనక్కి వాలిన గీత పెట్టి ఒక మాట రాస్తే చాలు, అది ఆజ్ఞ అవుతుంది. ‘ఫ్రాక్’ అంటే భిన్నం. ‘స్క్వేర్‌రూట్’ని కుదించిన మాట రాస్తే వర్గమూలం. 1980ల్లో లెస్లీ లాంపోర్ట్ దీని మీద ‘లేటెక్’ను కట్టాడు. ప్రపంచంలో గణితం, భౌతికశాస్త్రం రాసేవాళ్లంతా దీనికి అలవాటు పడిపోయారు. లేటెక్‌కు ఉన్న గొప్ప గుణం ఒకటుంది. ఎవరికి కావాల్సిన ఆజ్ఞలు వాళ్లు కట్టగట్టి ‘ప్యాకేజీ’గా ఇవ్వొచ్చు. రసాయనశాస్త్రం వాళ్లకొకటి, తర్కశాస్త్రం వాళ్లకొకటి, క్వాంటం భౌతికం వాళ్లకు మరొకటి... అలా పెరిగి పెరిగి ఆ అటక మీద సామానుకు అంతే లేకుండా పోయింది!

ఫిజిక్స్ ఇంట్లో పుట్టి... లెక్కలు రాక!

వరల్డ్ వైడ్ వెబ్ పుట్టింది ఎక్కడ? జెనీవా పక్కన ఉన్న సెర్న్ ప్రయోగశాలలో. అంటే, భౌతిక శాస్త్రవేత్తల ఇంట్లో! 1989లో టిమ్ బెర్నర్స్ లీ దానికి ప్రతిపాదన రాశాడు. అలాంటి చోట పుట్టిన వెబ్‌కి ఒక్క భిన్నం రాయడం కూడా చాలా ఏళ్లు చేతకాలేదంటే నమ్మబుద్ధి కాదు. 1995 నాటి హెచ్‌టీఎంఎల్ 3 ముసాయిదాలో గణితానికి చోటిచ్చారు. తీరా 1997లో ఖరారైన 3.2లో ఆ భాగం లేదు. 1998 ఏప్రిల్‌లో గణితం కోసమే ‘మ్యాథ్‌ఎంఎల్’ అనే వేరే ప్రమాణాన్ని డబ్ల్యూ3సీ ఆమోదించింది. కాగితం మీద అంతా బాగానే ఉంది. బ్రౌజర్లు పట్టించుకుంటే కదా!

గూగుల్ క్రోమ్ సంగతే చూడండి. 2013 జనవరిలో వచ్చిన 24వ కూర్పులో మ్యాథ్‌ఎంఎల్ కనిపించింది. తర్వాతి కూర్పులో తీసేశారు. మళ్లీ అది క్రోమ్‌లోకి వచ్చింది 2023 జనవరిలో, 109వ కూర్పుతో. స్పెయిన్‌కి చెందిన ఇగాలియా అనే సంస్థ ఇంజినీర్లు పట్టుబట్టి రాస్తేనే అదైనా వచ్చింది. మధ్యలో పదేళ్లు!

అందాకా ఏం చేశారు? సమీకరణాన్ని ఫొటోలా మార్చి పేజీలో అతికించేవారు. వికీపీడియా కూడా చాలా ఏళ్లు ఆ పనే చేసింది. పెద్దది చేసి చూస్తే అంచులు రంపంలా కనిపించేవి. కాపీ చేయడం కుదరదు, వెతకడం కుదరదు. చూపు లేనివాళ్లకైతే అదొక ఖాళీ జాగా, అంతే.

లెక్కల మాస్టారి ఉపాయం

న్యూయార్క్ రాష్ట్రంలో స్కెనెక్టడీ అనే ఊరుంది. అక్కడి యూనియన్ కాలేజీలో డేవిడ్ సెర్వోన్ గణితం ప్రొఫెసరు. బ్రౌజర్ గణితం నేర్చుకునేదాకా ఎదురుచూడటం ఎందుకు, పేజీతోపాటే ఆ తెలివినీ పంపేస్తే పోలా... అనేది ఆయన ఆలోచన. అన్ని బ్రౌజర్లకూ అర్థమయ్యే జావాస్క్రిప్ట్‌లో, టెక్ భాషను చదివి అక్కడికక్కడే సమీకరణాలు కూర్చే ప్రోగ్రాం రాశాడు. 2004లో ‘జేఎస్‌మ్యాథ్’ పేరుతో అది బయటికి వచ్చింది. అప్పట్లో ఇంటర్నెట్ నడక నెమ్మది. అందుకే పేజీలో గణితం ఉంటేనే అసలు ప్రోగ్రాంను తెచ్చుకునే ఏర్పాటు కూడా పెట్టాడు. అవసరమైతేనే పిలవాలనే గుణం పుట్టుకతోనే వచ్చిందన్నమాట.

దానికి వారసుడే ‘మ్యాథ్‌జాక్స్’. అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ, సియామ్, డిజైన్ సైన్స్ అనే సంస్థలు చేయి కలపడంతో 2010లో తొలి కూర్పు విడుదలైంది. పైసా ఇవ్వక్కర్లేదు, ఎవరైనా వాడుకోవచ్చు. పేజీలో ఒకే ఒక్క వరుస చేర్చితే చాలు. 2019లో మొదటి నుంచి తిరగరాసి 3వ కూర్పు తెచ్చారు. 2025లో 4వది వచ్చింది. ఇంటర్నెట్‌లో లెక్కల పాఠం చదివిన ప్రతి విద్యార్థీ, పేరు తెలియకపోయినా, ఎప్పుడో ఒకప్పుడు దీని చేతివంట తిన్నవాడే అనుకోవచ్చు.

టెంట్ హౌస్ ఉండగా గుండిగలు కొంటామా!

ఇక అసలు విషయం. లేటెక్ అటక మీద సామాను అంతా ఇంతా కాదన్నాం కదా. అదంతా ప్రతి పేజీతోనూ పంపితే? ఎనిమిదో తరగతి పిల్లాడు రెండు భిన్నాల కూడిక చూసుకోవడానికి క్వాంటం భౌతికం గుర్తులు, తర్కశాస్త్రం నిరూపణల చెట్లు, వర్ణపటాల సరంజామా అన్నీ ఆ ఫోన్‌లోకి దిగాలి. డేటా దండగ, సమయం దండగ.

మన ఇళ్లలో ఏం చేస్తాం? నలుగురున్న ఇంట్లో నాలుగు గిన్నెలుంటాయి. పెళ్లొస్తే టెంట్ హౌస్‌కి కబురు పెడతాం. గుండిగలు, బకెట్లు, గరిటెలు ఆటోలో వస్తాయి. ఏడాదికోసారి వచ్చే వేడుక కోసం గుండిగలు కొని వంటింట్లో పెట్టుకోం. మ్యాథ్‌జాక్స్ చేసేది సరిగ్గా ఇదే. మామూలు బీజగణితం, కలనగణితం, మాత్రికలకు కావాల్సిన గిన్నెలు మొదటే వస్తాయి. మిగిలినవాటిని ‘ఎక్స్‌టెన్షన్లు’గా విడగొట్టి విడి ఫైళ్లలో పెట్టారు. 3వ కూర్పులో ఇవి ముప్పైకి పైగానే ఉన్నాయి.

వీటిని తెప్పించడానికి రెండు దారులు. ఒకటి, పాఠం రాసేవాళ్లే ‘రిక్వైర్’ అనే ఆజ్ఞతో ఫలానాది కావాలని ముందే చెప్పడం. రెండోది ఇంకా ముచ్చటైనది. దాని పేరు ‘ఆటోలోడ్’. ఇదొక చిన్న చిట్టా. ఏ ఆజ్ఞ ఏ ఎక్స్‌టెన్షన్‌లో ఉందో ఇందులో రాసి ఉంటుంది. సామాను ఉండదు, సామాను ఎక్కడుందో మాత్రం ఉంటుంది. లవంలోని 3నీ హారంలోని 3నీ అడ్డగీతతో కొట్టేయాలనుకోండి. ‘క్యాన్సిల్’ అనే ఆజ్ఞ తగులుతుంది. చిట్టా చూస్తే చిరునామా దొరుకుతుంది. ఫైలు వస్తుంది. గీత పడుతుంది. పాఠం రాసిన మాస్టారికి ఈ ఎక్స్‌టెన్షన్ల గొడవే తెలియనక్కర్లేదు.

మన ఇంటర్ అమ్మాయి పాఠంలో తగిలింది ‘సీఈ’ అనే ఆజ్ఞ. ఇది జర్మనీకి చెందిన మార్టిన్ హెన్సెల్ రాసిన ‘ఎంహెచ్‌కెమ్’ ప్యాకేజీలోది. రసాయన సమీకరణాలు రాసేవాళ్ల పాలిట వరం. హైడ్రోజన్ గుర్తు ముందు 2 కొడితే అది అణువుల లెక్క అని, గుర్తు తర్వాత 2 కొడితే అది పరమాణువుల లెక్క అని తనే గ్రహించి, రెండోదాన్ని కిందికి దించుతుంది. అడ్డగీతా, దాని పక్కన కోణం గుర్తూ కొడితే బాణం అనుకుంటుంది. ఇంత తెలివి ఉన్న ఫైలు సహజంగానే కాస్త బరువు. జ్యామితి పాఠానికి దీన్ని మోయించడం అన్యాయం కదా! అందుకే పిలిస్తేనే వస్తుంది.

4వ కూర్పులో అక్షరాలకూ ఇదే పద్ధతి పెట్టారు. కొత్త ఫాంట్లలో గుర్తులు చాలా ఎక్కువ. వాటి కొలతల వివరాలను ముక్కలు చేసి, ఆ గుర్తు కనిపించినప్పుడే ఆ ముక్కను తెస్తున్నారు. అచ్చాఫీసు కేసులో మూల అర మళ్లీ వచ్చిందన్నమాట!

పోపు మాడకుండా కొట్టుకు పరుగు

చెప్పుకోవడానికి ఇంత సులువు. చేయడమే కష్టం.

పులిహోర కలుపుతుంటే చింతపండు చాలలేదు. పొయ్యి కట్టేసి, పిల్లాణ్ని కిరాణా కొట్టుకు పంపి, వచ్చాక ఆపిన చోటి నుంచి మొదలుపెడతాం. బ్రౌజర్‌లో ఆ సౌకర్యం లేదు. అక్కడ మామూలుగా రాసిన జావాస్క్రిప్ట్ పని మొదలుపెడితే చివరిదాకా పోవాల్సిందే, మధ్యలో ఆగి ఎదురుచూడటం కుదరదు. ఆగితే పేజీ మొత్తం బిగుసుకుపోతుంది. వేలు పెట్టి జరిపినా కదలదు. మరేం చేయాలి?

సెర్వోన్ బృందం ఎంచుకున్న దారి వినడానికి మొరటుగా ఉంటుంది. తెలియని ఆజ్ఞ తగలగానే చేస్తున్న సమీకరణాన్ని అక్కడే వదిలేస్తారు. సగం కూర్చింది చెత్తబుట్టలోకి! ఫలానా ఫైలు వచ్చాక మళ్లీ రమ్మని బ్రౌజర్‌కి చెప్పి పక్కకు తప్పుకుంటారు. ఫైలు రాగానే ఆ సమీకరణాన్ని మొదటి అక్షరం నుంచి మళ్లీ చదువుతారు. ఈసారి ఆ ఆజ్ఞ తెలుసు కాబట్టి దాటిపోతుంది. ఇంకో కొత్తది తగిలితే మళ్లీ అదే తంతు. సగం పనిని దాచుకుని కొనసాగించడం కన్నా పారేసి మళ్లీ చేయడమే నయమని వాళ్లు తేల్చుకున్నారు. ఒక సమీకరణం ఎంతని? మళ్లీ చదవడానికి పట్టే సమయం, ఫైలు రావడానికి పట్టే సమయం ముందు లెక్కలోకి రాదు. బాగా చేయి తిరిగినవాళ్లకే తట్టే పద్ధతి ఇది.

దీనివల్ల ఒక చిక్కు మాత్రం వెబ్‌సైట్లు తయారుచేసే కుర్రాళ్లను ఇప్పటికీ ఏడిపిస్తోంది. మ్యాథ్‌జాక్స్‌ని పిలవడానికి రెండు పద్ధతులున్నాయి. ‘ఇప్పుడే చేసి ఇవ్వు’ అనేది ఒకటి. ‘అయ్యాక చెప్పు’ అనేది రెండోది. మొదటి పద్ధతిలో పిలిస్తే, కొత్త ఫైలు అవసరం లేనంతకాలం అంతా సజావుగా ఉంటుంది. తమ కంప్యూటర్‌లో పదిసార్లు చూసుకుంటారు, బ్రహ్మాండం అనుకుంటారు. ఎవరో మాస్టారు పాఠంలో తొలిసారి ఒక రసాయన సమీకరణం పెడతారు. అంతే, ఎదురుచూడాలి కానీ ఎదురుచూసే వీలు లేదంటూ ప్రోగ్రాం చేతులెత్తేస్తుంది. తప్పు కనిపించేది పిల్లలకు, అదీ పరీక్ష ముందు రోజు.

ఈ ఎదురుచూపులే వద్దనుకున్నవాళ్లూ ఉన్నారు. ఖాన్ అకాడమీ 2014లో ‘కేటెక్’ అని వేరే ప్రోగ్రాం తెచ్చింది. మధ్యలో ఆగడమనేదే లేదు. చకచకా కూర్చేస్తుంది. కానీ రసాయన గుర్తులు కావాలంటే పేజీ తయారుచేసేవాళ్లే ఆ ఫైలును ముందే జతచేయాలి. మర్చిపోతే పిలిచినా పలకదు. వేగం కావాలా, వెసులుబాటు కావాలా అన్నది ఎవరి అవసరం వాళ్లది.

భాగహారం ఏమైంది?

అన్నిటినీ పిలవగానే తెచ్చేస్తే సరిపోతుందా? అక్కడే ఉంది తిరకాసు. ఆటోలోడ్ చిట్టాలో కావాలనే ఒక పెద్ద ఎక్స్‌టెన్షన్‌కు చోటివ్వలేదు. దాని పేరు ‘ఫిజిక్స్’.

కారణం సరదాగా ఉంటుంది. మామూలు టెక్‌లో ‘డివ్’ అని రాస్తే ÷ గుర్తు పడుతుంది. రెండో తరగతి పిల్లలకూ తెలిసిన భాగహారం. ఫిజిక్స్ ప్యాకేజీ ఆ మాటను తన సొంతం చేసుకుంటుంది. అది వచ్చాక అదే ‘డివ్’కు తలకిందులైన త్రికోణం, పక్కన చుక్క పడతాయి. అది డైవర్జెన్స్, అంటే విద్యుత్ క్షేత్రాల లెక్కల్లో వచ్చే గుర్తు. ఊహించుకోండి... పేజీలో పై సగంలో 12 ÷ 4 చక్కగా ఉంది. మధ్యలో ఏదో భౌతికశాస్త్రం ఆజ్ఞ తగిలి ఈ ఎక్స్‌టెన్షన్ వచ్చేసింది. కింది సగంలో 20 ÷ 5 ఉండాల్సిన చోట తలకిందులైన త్రికోణం! తప్పు అని ఎర్ర అక్షరాల్లో చెప్పినా నయమే, చూసేవాడు జాగ్రత్త పడతాడు. ఇది అచ్చం సరైనదానిలాగే కనిపించే తప్పు. అందుకే ఫిజిక్స్ కావాలంటే నోరు తెరిచి అడగాల్సిందే.

రంగుల ఆజ్ఞతోనూ ఇలాగే అయింది. మ్యాథ్‌జాక్స్ 2వ కూర్పులో ‘కలర్’ ఆజ్ఞ మామూలుగా పక్కనున్న ఒక్క ముక్కకే రంగు వేసేది. అసలు లేటెక్‌లో అయితే అక్కడి నుంచి ముందుకు అంతా ఆ రంగే. 3వ కూర్పుకు వచ్చేసరికి ఆటోలోడ్ తెచ్చేది లేటెక్ పద్ధతినే. పాత పద్ధతిలో రాసిన పాఠాన్ని మార్చకుండా కొత్త కూర్పుకు ఎక్కించినవాళ్లకు, ఒక్క పదం ఎర్రగా ఉండాల్సిన సమీకరణం ఆ చోటి నుంచి చివరిదాకా ఎర్రబడింది. పాత అలవాటు కావాలన్నవాళ్ల కోసం దాన్నీ వేరే ఎక్స్‌టెన్షన్‌గా ఉంచారు. మాట ఒకటే, ఏ కొట్టు నుంచి తెచ్చామన్నదాన్ని బట్టి అర్థం మారిపోతోంది!

కొట్టు మూతపడితే?

కొట్టు అన్నాం కదా... ఈ ఫైళ్లన్నీ ఉండే చోటు ఒకటి కావాలి. మొదట్లో మ్యాథ్‌జాక్స్ వాళ్లే సొంతంగా సర్వర్లు పెట్టి ప్రపంచం మొత్తానికి ఉచితంగా పంచారు. వాడేవాళ్లు పెరిగారు. ఖర్చు పెరిగింది. చిన్న బృందం మోయలేని స్థితి వచ్చింది. 2017 మార్చి నెలాఖరులో ఒక ప్రకటన చేశారు, ఏప్రిల్ 30తో ఆ సర్వర్ మూసేస్తున్నామని. నెల రోజులే గడువు! ఎప్పుడో రాసి వదిలేసిన పాఠాలు, రిటైరైన ప్రొఫెసర్ల నోట్సులు, ఎవరూ తాళం తీయని పాత పేజీలు... వాటన్నిటిలో ఉన్నది ఆ చిరునామానే. పాత చిరునామాకు వచ్చినవాళ్లను వేరే ఉచిత సర్వర్‌కు మళ్లించే ఏర్పాటు చేయబట్టి గండం గడిచింది. లేకపోతే అవన్నీ డాలర్ గుర్తులతో మిగిలిపోయేవి.

కొట్టు మూతపడటం ఒక రకం. కొట్టు చేతులు మారడం ఇంకో రకం. అదీ జరిగింది.

పాత బ్రౌజర్లలో లేని సదుపాయాలను భర్తీ చేసే ‘పాలీఫిల్’ అనే ఉచిత సేవ ఒకటుండేది. బ్రౌజర్‌కి ఏం తక్కువైందో చూసి, ఆ ముక్క మాత్రమే పంపేది. అదీ పిలిస్తే పలికే బాపతే. మ్యాథ్‌జాక్స్ 3వ కూర్పు వాడేవాళ్లు పాత బ్రౌజర్ల కోసం దాన్ని కూడా జతచేసుకోవాలని సూచనల్లోనే ఒక వరుస రాసి ఉండేది. లెక్కల మాస్టార్లు ఆ రెండు వరుసల్నీ కలిపే కాపీ చేసుకున్నారు. 2024 ఫిబ్రవరిలో ఆ పాలీఫిల్ చిరునామా చేతులు మారింది. దాన్ని మొదట తయారుచేసిన ఆండ్రూ బెట్స్ అప్పుడే, వెంటనే తీసేయండని హెచ్చరించాడు. ఎంతమంది విన్నారు? జూన్ వచ్చేసరికి ఆ సర్వర్ నుంచి వచ్చే ఫైళ్లలో, కొందరు ఫోన్ వినియోగదారులను బెట్టింగ్ సైట్లకు మళ్లించే కోడ్ ఉందని భద్రతా నిపుణులు పట్టుకున్నారు. లక్షకు పైగా సైట్లు దాన్ని వాడుతున్నాయని అప్పుడు తేలింది. సమీకరణం కోసం పేజీ తెరిచిన పిల్లవాడు పందాల సైటుకు పోయే ప్రమాదమన్నమాట! మ్యాథ్‌జాక్స్ సూచనల్లోంచి ఆ వరుసను తీసేశారు. ఇప్పటి బ్రౌజర్లకు దాని అవసరమే లేదు. అయినా ఎప్పుడో అతికించి మర్చిపోయినవాళ్లు పాత పేజీలను తెరిచి చూసుకోవాల్సిందే.

బయటి నుంచి తెచ్చే ఫైలుకు ముద్ర వేసే పద్ధతి ఒకటి ఉంది. ఒక్క అక్షరం మారినా బ్రౌజర్ లోపలికి రానివ్వదు. కానీ ఆ ముద్ర ఆ ఒక్క ఫైలుకే. అది లోపలికొచ్చాక తను పిలిచే మిగతావాటికి వర్తించదు. గుమ్మం దగ్గర పెళ్లికొడుకును తనిఖీ చేసి, వెనకొచ్చే బంధువులందర్నీ వదిలేసినట్టు! అందుకే జాగ్రత్తపరులు ఫైళ్లన్నీ తమ సర్వర్‌లోనే పెట్టుకుంటున్నారు. పిలుపు ఉంటుంది, కానీ ఇంట్లో అటక మీదికే. ఇంటర్నెట్ సరిగా అందని బడుల్లో ఒకే కంప్యూటర్‌లో పాఠాలు పెట్టుకునే చోట ఇదొక్కటే మార్గం కూడా.

చెవితో చదివే లెక్క

పిలిస్తే వచ్చేవాటిలో కంటికి కనిపించనిది ఒకటుంది. మాట!

పుణెలో పుట్టిన టి.వి.రామన్‌కు పద్నాలుగేళ్ల వయసులో గ్లాకోమాతో చూపు పూర్తిగా పోయింది. గణితం వదల్లేదు. ఐఐటీ బొంబాయిలో చదివి, అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. లేటెక్‌లో రాసిన గణితాన్ని అర్థవంతంగా చదివి వినిపించే ప్రోగ్రాం మీద అక్కడ పరిశోధన చేశాడు. 1994లో పూర్తయిన ఆ పనికి తన తోడు కుక్క పేరే కలిసొచ్చేలా ‘ఆస్టర్’ అని పేరు పెట్టుకున్నాడు. కంప్యూటర్ శాస్త్రంలో ఉత్తమ పరిశోధనగా దానికి ఏసీఎం పురస్కారం దక్కింది. తర్వాత గూగుల్‌లో చేరి, క్రోమ్‌లో తెర మీది మాటల్ని చదివే ‘క్రోమ్‌వాక్స్’ మీద పనిచేశాడు. వోల్కర్ సోర్గే అనే గణిత కంప్యూటర్ శాస్త్రవేత్త ఆ పనిలో కలిసి గణితం పలికే నియమాలను రూపొందించాడు. ఇప్పుడు మ్యాథ్‌జాక్స్‌లో సమీకరణాన్ని పలికించేది వాటినుంచి ఎదిగిన ప్రోగ్రామే.

3వ కూర్పులో ఈ సదుపాయం కావాలంటే మెనూలోకి వెళ్లి తెరుచుకోవాలి. చూపు లేనివాళ్లు ఆ మెనూను వెతుక్కోవాలన్నమాట! 4వ కూర్పులో అది మొదటి నుంచే తెరిచి ఉంటుంది. బాణం మీటలు నొక్కుతూ పోతే లవంలోకి, హారంలోకి, ఘాతంలోకి దిగి ఒక్కో ముక్కా వినొచ్చు. అన్నిటినీ పిలిచినప్పుడే తెస్తే చాలదని, కొన్నిటిని పిలవకముందే గుమ్మంలో ఉంచాలని వాళ్లు ఒప్పుకున్నట్టే. ఏ భాషలో పలకాలన్న నియమాల ఫైలు మాత్రం ఇప్పటికీ అవసరాన్ని బట్టే వస్తుంది. ఇంగ్లిషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్... మన దేశ భాషల్లో హిందీ ఉంది. 2025 నాటి 4వ కూర్పులో తెలుగు లేదు.

ఇంగ్లిషు ఫైలులో మాటలు మార్చేస్తే తెలుగు అయిపోదు. ఇంగ్లిషులో భిన్నం చదివితే పైనున్న అంకె ముందు వస్తుంది. తెలుగులో ‘మూడింట రెండు వంతులు’ అంటాం. హారం ముందు, లవం తర్వాత! పోనీ అలాగే పెడదామా అంటే, తరగతి గదిలో మాస్టారు ‘రెండు బై మూడు’ అంటారు. ఎక్స్ స్క్వేర్ అనాలా, ఎక్స్ వర్గం అనాలా? తెలుగు మాధ్యమం పిల్లవాడికి ఒకటి, ఇంగ్లిషు మాధ్యమం పిల్లకు ఇంకోటి. కుండలీకరణం లోపల ఉన్నదంతా వర్గం చేయాలని చెవికి తెలిసేలా ఎక్కడ ఆగాలి? ఇవన్నీ కూర్చుని తేల్చాల్సింది కంప్యూటర్ నిపుణులొక్కరే కాదు. చూపు లేని పిల్లలకు లెక్కలు చెప్పిన టీచర్లు, ఆ లెక్కలు విని నేర్చుకున్న పిల్లలు. నియమాల ఫైళ్లన్నీ బహిరంగంగానే ఉన్నాయి. ఎవరైనా తెరిచి చూడొచ్చు, కొత్త భాషకు రాసి పంపొచ్చు. హిందీ ఫైలు పక్కన ఇంకొకటి పెట్టడానికి చోటుంది.